సెకండ్ హ్యాండ్ రేస్ ఇంజన్ రోడ్డు బండికి పెట్టుకోవచ్చా? నా ఓటు ‘వద్దు’కే

ఫోన్ల విషయంలో మనకి ఈపాటికి బాగానే తెలివి వచ్చింది. బెంచ్‌మార్క్ స్కోర్ ఎంత వచ్చినా, అరగంట గేమ్ ఆడగానే వేడెక్కి స్లో అయిపోయే ఫోన్ మనకి అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ ఫోన్ అయితే ముందు బ్యాటరీ హెల్త్ ఎంత, బిల్లు ఉందా, ఓపెన్ చేశారా అని అడుగుతాం. అదే మనుషులు బైక్ ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి ఇవన్నీ మర్చిపోతున్నారు. ‘రేస్ ట్యూన్’ అన్న మాట, పదిహేను సెకన్ల రీల్‌లో సౌండు, ఇంత హార్స్ పవర్ అని ఒక నంబరు. ఈ మూడు చాలు, డబ్బులు పంపేస్తున్నారు.

మా ఊరు డోర్నకల్. అక్కడ మా చిన్నమ్మ కొడుకు దగ్గర పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. ఈమధ్య ఫోన్ చేసి “అన్నా, పోర్టింగ్ చేసిన డ్రాగ్ ఇంజన్ ఒకటి అమ్మకానికి ఉందట. మన బండికి అట్లనే కూసుంటదట. తీసుకోమంటవా?” అని అడిగాడు. వద్దని ఒక్క ముక్కలో చెప్తే ఈ వయసులో ఎవరూ వినరు, నాకూ తెలుసు. అందుకే వాడికి చెప్పిన లెక్కలన్నీ ఇక్కడ రాస్తున్నా. వాడి లాంటి తమ్ముళ్లు ఊరికి పదిమంది ఉన్నారు.

ముందే ఒక మాట. ఆర్‌ఎక్స్ పిచ్చిని నేను ఎగతాళి చేయను. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి అది. 2018లో దాని పేరుతో తెలుగులో ఏకంగా సినిమానే వచ్చింది. 98 సీసీ ఇంజన్, 11 హార్స్ పవర్, దాదాపు వంద కిలోల బరువు. యాక్సిలరేటర్ తిప్పగానే ముందుకు దూకే ఆ గుణం ఈ రోజుకీ చాలా కొత్త బండ్లలో కనిపించదు. ఆ ఇష్టం మంచిదే. నేను కాదంటున్నది ఆ ఇష్టాన్ని రేస్ ఇంజన్ రూపంలో కొనుక్కోవడాన్ని.

పవర్ ఎక్కడికి పోతుంది?

రేస్ ట్యూనింగ్ అంటే కొత్త పవర్ పుట్టుకొస్తుందని అందరూ అనుకుంటారు. ఎక్కువ భాగం జరిగేది జాగా మార్పిడే. కింద ఆర్‌పీఎంలో ఉన్న లాగుడు తీసి పైన పెడతారు.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో వాల్వులు ఉండవు. సిలిండర్ గోడకి ఉన్న కిటికీల్లాంటి పోర్టులను పిస్టన్ మూస్తూ తెరుస్తూ ఉంటుంది. ట్యూనర్ చేసే మొదటి పని ఎగ్జాస్ట్ పోర్టును పైకి, పక్కలకి అరగదీసి పెద్దది చేయడం. దాంతో పోర్టు ముందుగా తెరుచుకుంటుంది, ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. ఎక్కువ స్పీడులో పొగ తొందరగా బయటికి పోవడానికి ఇది బాగుంటుంది. తక్కువ స్పీడులో మాత్రం పిస్టన్‌ని నెట్టాల్సిన ప్రెషర్ పని పూర్తి కాకముందే బయటికి పోతుంది, కొత్తగా వచ్చిన పెట్రోలు కూడా దాంతోపాటే కొంత పోతుంది.

రెండోది సైలెన్సర్. రేసుకి వాడే ఎక్స్‌పాన్షన్ చాంబర్ ఉబ్బిన పొట్టలా ఉంటుంది కదా, అది స్టయిల్ కోసం కాదు. పొగతో పాటు వెళ్లిన ప్రెషర్ అల దాని చివర తగిలి వెనక్కి వచ్చి, బయటికి జారిపోతున్న పెట్రోలు మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి తోస్తుంది. ఆ అల సరైన టైముకి వెనక్కి రావాలంటే ఇంజన్ ఒక ఇరుకైన ఆర్‌పీఎం పరిధిలో ఉండాలి. ఆ పరిధి దాటితే అదే చాంబర్ ఇంజన్‌కి అడ్డం.

కంపెనీ నుంచి వచ్చిన ఆర్‌ఎక్స్ 100కి గరిష్ఠ టార్క్ 6500 ఆర్‌పీఎం దగ్గర, గరిష్ఠ పవర్ 7500 దగ్గర. ఇన్‌టేక్ వైపు రీడ్ వాల్వ్ ఉండడం వల్ల అంతకంటే కిందనుంచి కూడా బండి బాగానే లాగుతుంది. డ్రాగ్ కోసం కోసిన ఇంజన్ 9 వేలు, 10 వేల దగ్గర గానీ నిద్ర లేవదు. కొన్ని వందల మీటర్ల సూటి ట్రాక్ మీద, మొదటి నుంచి చివరిదాకా ఫుల్ యాక్సిలరేటర్‌లో ఉండే రేసుకి అది సరైన నిర్ణయమే. అక్కడ కింద ఆర్‌పీఎంతో ఎవరికీ పనే లేదు.

ఇప్పుడు మన రోడ్డుకి రండి. డోర్నకల్ నుంచి మహబూబాబాద్ వైపు గానీ ఖమ్మం వైపు గానీ బయల్దేరండి. ఊరు రాగానే స్పీడ్ బ్రేకర్. ఎదురుగా గొర్రెల మంద. మిర్చి, వడ్లు చేతికొచ్చే సీజన్‌లో రోడ్డులో సగం ఆరబోసిన పంటే. మిగతా సగంలో గ్రానైట్ లారీ. ఈ దారిలో మీరు నిజంగా ఉండేది రెండో గేర్, మూడో గేర్, నలభై స్పీడు. అంటే ట్యూనర్ ఏ భాగాన్ని తీసేశాడో సరిగ్గా ఆ భాగంలోనే మీ ప్రయాణమంతా. పక్కన స్టాక్ ఆర్‌ఎక్స్ మీద వచ్చిన పెద్దాయన స్పీడ్ బ్రేకర్ దాటి హాయిగా ముందుకు పోతుంటే, మీరు క్లచ్ నొక్కి రేజ్ చేస్తూ కిందా మీదా పడుతుంటారు. ఎక్కువ డబ్బులు పెట్టి కొన్న ఇంజన్ మీ వాడకంలో తక్కువ ఇంజన్ అవుతుంది.

కిలోమీటర్లు చూసి లాభం లేదు

“అన్నా, రేస్ ఇంజన్ కదా, ఎక్కువ తిరగలేదు” అని అమ్మేవాళ్లు అంటారు. అది నిజమే కావచ్చు. కానీ రేస్ ఇంజన్ ఆయుష్షుని కిలోమీటర్లలో కొలవరు, గంటల్లో కొలుస్తారు. ఇన్ని గంటలకి రింగులు, ఇన్ని గంటలకి పిస్టన్, ఇన్ని గంటలకి కనెక్టింగ్ రాడ్ అని లెక్క ఉంటుంది.

ఎందుకో చిన్న లెక్క చేద్దాం. ఆర్‌ఎక్స్ 100 బోర్, స్ట్రోక్ రెండూ 50 మిల్లీమీటర్లే. 7500 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకి 12.5 మీటర్లు. 10 వేల దగ్గర అది 16.7 మీటర్లు అవుతుంది. ఇది పెద్ద తేడాగా అనిపించకపోవచ్చు. అయితే పిస్టన్ పైకీ కిందకీ ఆగి తిరిగేటప్పుడు రాడ్ మీద, క్రాంక్ బేరింగ్ మీద పడే బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. అంటే దాదాపు 1.8 రెట్లు. ఇంజన్ లోపల రాడ్, బేరింగ్ చాలాసార్లు అవే పాతవి. దశాబ్దాల కిందటి లోహం మీద కొత్త బరువు వేస్తున్నాం.

సెకండ్ హ్యాండ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్తే బ్యాటరీ సైకిల్స్ కనిపించే రోజులు వచ్చాయి. ఇంజన్‌కి అలాంటి లాగ్ ఏదీ లేదు. రేస్ టీమ్ దగ్గర నోట్‌బుక్ ఉండొచ్చు, కానీ మీ దాకా వచ్చేసరికి ఇంజన్ ముగ్గురు నలుగురి చేతులు మారి ఉంటుంది, నోట్‌బుక్ ఎక్కడో ఆగిపోయి ఉంటుంది.

ఇక్కడ ఎదుటివాళ్ల వాదన కూడా చెప్పాలి. “రేస్ వాళ్లు మనకంటే బాగా మెయింటెయిన్ చేస్తారు, ప్రతి రేస్‌కి విప్పి చూస్తారు” అంటారు. ఒప్పుకుంటా. కొత్తగా విప్పి బిగించిన ఇంజన్ అయితే మామూలు బండి ఇంజన్ కంటే శుభ్రంగానే ఉంటుంది. కానీ ఎవరైనా ఇంజన్ ఎప్పుడు అమ్ముతారో ఆలోచించండి. మళ్లీ ఖర్చు పెట్టాల్సిన టైము దగ్గరపడ్డప్పుడు అమ్మేవాళ్లే ఎక్కువ. ఆ ఖర్చు ఇంజన్‌తో పాటు మీ ఇంటికి వస్తుంది.

ఆయిల్ పంపు ఉందా?

ఇది చదివి ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటాను అంటే, ఇది పెట్టుకోండి. ఆర్‌ఎక్స్ బండ్లకి టూటీ ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. ఆటోల్యూబ్ పంపు దాన్ని కొలిచి ఇంజన్‌లోకి పంపిస్తుంది. రేస్ కోసం చాలామంది ఆ పంపు తీసేసి, రంధ్రం మూసేసి, ఆయిల్‌ని నేరుగా పెట్రోల్‌లోనే కలిపి వాడతారు. అలాంటి ఇంజన్ కొని మామూలు బండిలా బంకులో పెట్రోలు కొట్టించి నడిపితే, కాసేపట్లోనే సీజ్ అవుతుంది. నడుస్తున్నప్పుడు ఇంజన్ సీజ్ అయితే వెనక చక్రం లాక్ అవుతుంది. ఆ సమయంలో మీ వెనక లారీ ఉందనుకోండి, మిగతాది నేను రాయనక్కర్లేదు.

పోనీ కలిపి వాడదాం అంటారా? 25కి 1 పాళ్లు అయితే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 40కి 1 అయితే 25 మిల్లీలీటర్లు. ప్రతిసారీ బంకు దగ్గర కొలత సీసాతో నిలబడాలి. ఇంట్లో నాన్నో బాబాయో తెలియక ఒకసారి ఖాళీ పెట్రోలు కొట్టిస్తే చాలు, కథ అయిపోతుంది. ఇంటిల్లిపాదీ వాడే బండికి ఇది సరిపడే పద్ధతి కాదు.

దానికి తోడు పెట్రోలే మారిపోయింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. అందువల్ల పాత పెట్రోలుకి సరిచేసిన కార్బురేటర్ జెట్‌తో ఈ20 వాడితే మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ ఇంధనం అందదు. కొత్త బండిలో అయితే సెన్సర్ చూసి ఈసీయూ కొంత సర్దుతుంది. కార్బురేటర్‌లో ఫర్మ్‌వేర్ అంటే ఇత్తడి జెట్టే, అప్‌డేట్ అంటే స్క్రూడ్రైవర్ పట్టుకుని జెట్ మార్చడమే. అంచుల దాకా ట్యూన్ చేసిన టూ స్ట్రోక్‌లో లీన్ అంటే వేడి, వేడి అంటే పిస్టన్ మీద గీతలు, చివరికి పిస్టన్ నడినెత్తిన కన్నం. పాత రబ్బరు పైపులు, సీల్స్ కూడా ఇథనాల్‌కి తట్టుకునేలా చేసినవి కావు.

ఇంకో చిన్న విషయం దుమ్ము. రేసుకి ఎయిర్ ఫిల్టర్ బాక్స్ పీకేసి కార్బురేటర్ నోరు తెరిచి వదిలేస్తారు. మన మట్టి రోడ్ల మీద ఆ నోట్లోకి పోయే దుమ్ము సిలిండర్‌కి ఉప్పు కాగితంతో రుద్దినట్టే.

ఇంజన్ పెరిగింది, బ్రేకు పెరగలేదు

వేగం 60 నుంచి 90కి పోతే ఒకటిన్నర రెట్లే పెరిగినట్టు అనిపిస్తుంది. కానీ ఆపాల్సిన శక్తి 2.25 రెట్లు అవుతుంది. ఆర్‌ఎక్స్ 100కి ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. సన్నని టైర్లు. 125 సీసీ దాటిన కొత్త బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అంతకన్నా చిన్న వాటికి కంబైన్డ్ బ్రేకింగ్ తప్పనిసరి చేశారు. అంటే కొత్త 100 సీసీ బండికే ఇంత జాగ్రత్త అవసరం అని నిర్ణయించిన కాలంలో, 1990ల ఫ్రేముకి, 1990ల డ్రమ్ముకి రేస్ ఇంజన్ తగిలిస్తున్నాం. పాత ల్యాప్‌టాప్‌కి పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ పెట్టి ఫ్యాన్ మాత్రం పాతదే ఉంచితే అది షట్‌డౌన్ అయి తనని తాను కాపాడుకుంటుంది. బండికి ఆ సౌకర్యం లేదు. తల మీద హెల్మెట్ కూడా లేకుండా తిరిగే ఊళ్లు మనవి. ఏదైనా జరిగితే ఖమ్మానికో, వరంగల్ ఎంజీఎంకో తీసుకెళ్లేదాకా గడిచే ప్రతి నిమిషం లెక్కే.

మీ ప్రాణం మీ ఇష్టం అనుకున్నా, రోడ్డు మీద మిర్చి ఆరబోస్తున్న అమ్మ ప్రాణం మీ ఇష్టం కాదు. నాకు ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన పాయింట్ ఇదే.

కాగితాల సంగతి

ఆర్‌సీ మీద చాసిస్ నంబరుతో పాటు ఇంజన్ నంబరు కూడా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే అవకాశం ఉంది. అదే మోడల్ ఇంజన్ మార్చుకున్నా ఆర్‌టీఓ ఆఫీసులో కొత్త నంబరు ఎక్కించుకోవాల్సిందే.

“మన దగ్గర ఎవడు చూస్తడు అన్నా” అంటారు. రోజూ ఎవరూ చూడకపోవచ్చు. కానీ ఆర్‌ఎక్స్‌లన్నీ 15 ఏళ్లు ఎప్పుడో దాటేశాయి. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఆ రోజు బండి తీసుకెళ్లి నంబర్లు చూపించాల్సిందే. మన టీజీ 26 ఆఫీసులో అయినా ఇంకెక్కడైనా నంబరు కలవకపోతే పని ఆగుతుంది. యాక్సిడెంట్ క్లెయిమ్ వచ్చినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు కూడా ముందు ఆ నంబరే చూస్తారు.

అసలు భయం ఇంకోటి. ట్రాక్ కోసమే వాడిన బండికి చాలాసార్లు రిజిస్ట్రేషనే ఉండదు, ఇంజన్‌తో పాటు ఏ కాగితమూ రాదు. నంబరు గీకేసి ఉంటే ఇంకా కష్టం. అది రేస్ ఇంజనా, ఎవరి ఇంటి ముందో మాయమైన బండి ఇంజనా అన్నది మీరు నిరూపించుకోవాల్సి వస్తుంది. బిల్లు లేని ఐఫోన్ సగం ధరకి ఇస్తానంటే మనకి వచ్చే అనుమానం ఇక్కడెందుకు రాదు?

అయినా కొంటాను అంటే

కొందరు ఎలాగూ కొంటారు. వాళ్లకి డబ్బులిచ్చే ముందు ఇవి చూడమని చెప్తా.

ఇంజన్ నంబరు చెక్కుచెదరకుండా ఉండాలి. ఆ నంబరున్న ఆర్‌సీ, అమ్మేవాళ్ల సంతకంతో కాగితం చేతికి రావాలి.

ఆటోల్యూబ్ పంపు ఉందా లేదా చూడాలి. లేకపోతే ఏ పాళ్లలో, ఏ ఆయిల్ కలిపి నడిపారో అడగాలి.

హెడ్, సిలిండర్ విప్పి చూపించమనాలి. విప్పనంటే అక్కడే బేరం ఆపేయండి. పిస్టన్ మీద నిలువు గీతలు, పోర్టు అంచుల్లో పగుళ్లు ఉన్నాయా చూడండి. పిస్టన్ నెత్తిన ఓవర్‌సైజ్ నంబరు ఉంటుంది. 0.25, 0.50 అని పెరుగుతూ పోతుంది. చివరి సైజుకి వచ్చేసి ఉంటే ఇంకోసారి బోర్ చేయించే అవకాశం లేదు, స్లీవ్ మార్చాలి.

కనెక్టింగ్ రాడ్‌ని పట్టుకుని పైకీ కిందకీ లాగండి. పక్కలకి కాస్త కదలిక ఉండడం మామూలే. పైకీ కిందకీ ఏమాత్రం ఆడినా క్రాంక్ పని ఉన్నట్టే.

చల్లగా ఉన్న ఇంజన్‌ని మీ ముందే స్టార్ట్ చేయించండి. పది నిమిషాలు ఐడిల్‌లో వదలండి. రైల్వే గేటు పడితే మన దగ్గర అంతసేపు నిలబడతాం కాబట్టి, అదే అసలైన టెస్టు. యాక్సిలరేటర్ తిప్పుతూ ఉంటే తప్ప నిలవని ఇంజన్ రోడ్డుకి పనికిరాదు.

ఆర్‌15, కేటీఎం లాంటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్ల ఇంజన్ అయితే పని ఇంకా పెద్దది. ఇంజన్ ఒక్కటే తెస్తే నడవదు. దాని ఈసీయూ, వైరింగ్, సెన్సర్లు అన్నీ కలిసి రావాలి. రేస్ మ్యాప్‌లో రెవ్ లిమిటర్ పైకి జరిపి ఉంటే, దాన్ని తిరిగి స్టాక్‌కి తెచ్చే ఫైల్ అమ్మేవాళ్ల దగ్గర ఉందా అడగండి. సాఫ్ట్‌వేర్‌లో రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా రిలీజ్ చేయం కదా, ఇదీ అంతే.

ఆ డబ్బులు ఏం చేయాలి?

చేతిలో 50 వేలు ఉన్నాయనుకుందాం. నేనైతే ముందు ఉన్న ఇంజన్‌నే స్టాక్ కొలతలకి ఫుల్ ఇంజన్ చేయిస్తా. బోర్, పిస్టన్ కిట్, రాడ్ కిట్, క్రాంక్ బేరింగులు, ఆయిల్ సీల్స్. లేత్ పని తెలిసిన మంచి చేయి ఖమ్మంలోనో వరంగల్‌లోనో వెతుక్కోవాలి, దాని కోసం వారం ఆగినా పర్లేదు. జెట్టింగ్ ఇప్పటి పెట్రోలుకి సరిచేయిస్తా. తర్వాత బ్రేక్ షూలు, కేబుళ్లు, కొత్త టైర్లు, చైన్ సెట్. చివరగా ఐఎస్ఐ మార్కున్న మంచి హెల్మెట్. ఇన్నేళ్లుగా కంప్రెషన్ పోయిన ఇంజన్‌నే మనం ‘స్టాక్ ఆర్‌ఎక్స్’ అనుకుని నడుపుతున్నాం. దాన్ని కంపెనీ ఇచ్చిన స్థితికి తెచ్చి చూడండి, అసలు అప్‌గ్రేడ్ అదే అని మీకే తెలుస్తుంది.

ఇక వేగం మీదే మనసుంటే దానికి వేరే చోటు ఉంది. చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ట్రాక్, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. జాతీయ డ్రాగ్ చాంపియన్‌షిప్‌లో టూ స్ట్రోక్ బండ్లకి ప్రత్యేకంగా క్లాసులే ఉంటాయి. అక్కడ ఎదురుగా గొర్రెలు రావు, పక్కన అంబులెన్స్ ఉంటుంది, ఒంటి మీద లెదర్ సూట్ ఉంటుంది. డోర్నకల్ మీదుగా వెళ్లే లైనే చెన్నైకి పోతుంది. ఒకసారి వెళ్లి చూసి రండి. ఆ ఇంజన్ ఏ పని కోసం పుట్టిందో, దాని చుట్టూ ఎంతమంది ఎంత జాగ్రత్తగా ఉంటారో చూస్తే, దాన్ని మన ఊరి బజార్లోకి తేవాలని మీకే అనిపించదు.

మా తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. “స్టాక్ ఇంజన్ చేయించినంక పోర్టింగ్ కొంచెం చేయిద్దాం” అంటున్నాడు. ముందు బ్రేక్ షూలు మార్చు, తర్వాత మాట్లాడదాం అన్నా.